తాఖత్ కావాలా, రఫ్తార్ కావాలా? లారీ కొనే ముందు చూడాల్సిన నిస్బత్

మన ఇళ్లలో లారీ కొనే మాట వచ్చిందంటే నెల రోజులు మష్వరాలు నడుస్తాయి. ఫైనాన్స్ వడ్డీ ఎంత, కిస్తీ ఎంత, డౌన్‌పేమెంట్ కోసం ఎవరి నగలు బ్యాంకుకి వెళ్లాలి, బాడీ విజయవాడ ఆటోనగర్‌లో కట్టిద్దామా ఊళ్లోనే కట్టిద్దామా, క్యాబిన్ నెత్తిన ఏం రాయిద్దాం అన్నీ మాట్లాడుకుంటాం. వెనక హౌసింగ్‌లో కూర్చునే క్రౌన్ ఏ రేషియోదో మాత్రం ఎవరూ అడగరు. షోరూమ్ వాళ్లు యార్డులో ఏ బండి ఉంటే అది చూపిస్తారు. మనం రంగు చూసి సరే అంటాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రేషియోకి డీజిల్ పోస్తాం.

రేషియో అనే మాటకి మా ఉర్దూ మీడియం రియాజీ కితాబ్‌లో నిస్బత్ అని ఉండేది. కాలేజీకొచ్చాక తెలుగులో నిష్పత్తి అని నేర్చుకున్నాను. మన ఇళ్లలో నిస్బత్ అంటే ఇంకో అర్థం కూడా ఉంది కదా, పెళ్లి సంబంధం ఖాయం కావడం. ఆ నిస్బత్ కోసం ఖాందాన్ ఏంటి, చాల్‌చలన్ ఏంటి, అబ్బాయికి సిగరెట్ అలవాటుందా అని మూడు మొహల్లాల్లో ఆరా తీస్తాం. ఇంజన్‌కీ చక్రానికీ మధ్య కుదిరే నిస్బత్ గురించి ఒక్క సవాల్ కూడా వేయం. ఇరవై, ముప్పై లక్షల అప్పు మీద వచ్చే బండి అది. ఇంటిల్లిపాది రోజీ దాని మీదే.

అసలు సంగతి చాలా సాదా. ఇంజన్ నుంచి గేర్‌బాక్స్, అక్కడి నుంచి జాయింట్ రాడ్డు, దాని చివర చిన్న పళ్ల చక్రం పినియన్, దానికి తగులుకుని పెద్ద పళ్ల చక్రం క్రౌన్. క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే మన నంబరు. 37 పళ్ల క్రౌన్‌కి 7 పళ్ల పినియన్ అయితే 5.29. అదే పినియన్‌కి 41 పళ్ల క్రౌన్ అయితే 5.86. 41కి 6 అయితే 6.83. అంటే జాయింట్ రాడ్డు దాదాపు ఏడు చుట్లు తిరిగితేగానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. నంబరు పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. నంబరు తగ్గితే ఉల్టా. తాఖత్, రఫ్తార్ రెండూ ఒకేసారి ఇచ్చే క్రౌన్ ఇప్పటిదాకా ఎవరూ కోయలేదు.

ఇప్పుడు కొంచెం హిసాబ్ వేద్దాం. 10.00-20 టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 3.2 మీటర్లు ముందుకెళ్తుంది. గంటకి 60 కిలోమీటర్లంటే నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే చక్రం నిమిషానికి 312 చుట్లు. టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటి ఉన్న గేర్‌బాక్స్ అనుకుందాం. 5.29 క్రౌన్ ఉంటే ఇంజన్ 1650 చుట్లు తిరుగుతుంది. 5.86 అయితే 1830. 6.83 అయితే 2130. అదే బండి, అదే రోడ్డు, అదే లోడు. ఒక ఇంజన్ తాపీగా నడుస్తుంటే ఇంకోటి అరుస్తూ పోతోంది. మీటర్ మీద పచ్చరంగు పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మీ బండిలోనే చూసుకోండి. ఆ పట్టీ దాటాక తిరిగే ప్రతి చుట్టూ ఫజూల్ ఖర్చే.

ఇంకోవైపు కూడా చూడాలి, ఇన్సాఫ్ అంటే ఇన్సాఫే. 5.86 తీసి 6.83 వేస్తే చక్రం దగ్గర లాగే బలం ఇంచుమించు 17 శాతం పెరుగుతుంది. ఇది తక్కువేం కాదు. కానీ గేర్‌బాక్స్‌లో ఒక గేరు కిందకి దిగితే వచ్చే బలం మామూలుగా దీనికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ. అంటే క్రౌన్ మార్చినందుకు మీకు దక్కేది అర గేరు. ఈ ఒక్క మాట బుర్రలో పెట్టుకుంటే అడ్డా మీద జరిగే సగం బహసులు బేకార్ అని తెలిసిపోతుంది.

ఆ బహసుల్లో ఎప్పుడూ గెలిచే మాట ఒకటుంది. "పెద్ద నంబరు వేయించు భాయ్, ఎక్కడైనా ఎక్కేస్తుంది." ఈ మాట చెప్పే పెద్దవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ల తజుర్బా అబద్ధం కాదు. వాళ్లు స్టీరింగ్ పట్టిన రోజుల్లో లారీకి 110 హార్స్‌పవర్ అటూ ఇటూ ఉండేది. టర్బో లేదు. అయిదు గేర్లు. ఒంటి రోడ్డు, ఎదురుగా బస్సొస్తే మట్టిలోకి దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఆ బండికి పెద్ద నంబరు క్రౌన్ లేకపోతే చిన్న కల్వర్టు కూడా పహాడ్ అయ్యేది. యాభైకి మించి పోయే రోడ్డే లేనప్పుడు రఫ్తార్ పోయిందని ఏడ్చేవాళ్లు ఎవరు?

ఇప్పుడు అదే మూడు యాక్సిళ్ల లారీకి 180, 200 హార్స్‌పవర్ ఇంజన్ వస్తోంది. నాలుగు లైన్ల రోడ్లు వచ్చాయి. 2018లో సర్కార్ యాక్సిల్ లోడు పెంచింది, 25 టన్నుల బండి 28.5 అయింది, 49 టన్నుల ట్రెయిలర్ 55 అయింది. బరువు పెరిగిన మాట నిజమే, కానీ ఇంజన్ తాఖత్ పెరిగినంతగా బరువు పెరగలేదు. అయినా మన నసీహత్ మాత్రం 110 హార్స్‌పవర్ జమానాలోనే ఆగిపోయింది.

నా రాయ్ సూటిగా చెప్తాను. బండి రోజులో ఎక్కువ గంటలు హైవే మీద ఉండేదైతే, సిమెంటో బియ్యమో మిర్చో ఎత్తుకుని ఊరు దాటి ఊరు పోయేదైతే, కంపెనీ ఇచ్చే రేషియోల్లో చిన్న నంబరే అడిగి తీసుకోండి. యార్డులో లేదంటే ఆగండి. ఒక నెల ఆలస్యమైతే ఒక నెల కిరాయే పోతుంది. గలత్ క్రౌన్ అయితే బండి అమ్మేదాకా ప్రతి నెలా పోతుంది. ఎంత పోతుంది అంటే, ఒక మిసాల్ అనుకోండి. నెలకి పది వేల కిలోమీటర్లు, లీటరుకి నాలుగు. అంటే 2500 లీటర్లు. అందులో మూడే మూడు శాతం ఫర్ఖ్ వచ్చినా 75 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకుంటే ఏడు వేలు దాటింది. ఇంట్లో ఇద్దరు పిల్లల స్కూల్ ఫీజు.

ఇంకో లెక్క. టాప్ నేరుగా ఉన్న గేర్‌బాక్స్‌కి 6.83 క్రౌన్ ఉండి ఇంజన్ 2500 చుట్ల దగ్గర ఆగిపోయేదైతే, ఆ బండి గంటకి 70 దాటి పోలేదు. అక్కడ కూడా ఇంజన్ పూర్తి గొంతుతో అరుస్తూ ఉండాలి. 5.29 ఉన్న బండి స్పీడ్ గవర్నర్ పెట్టిన 80ని 2200 చుట్లలోనే అందుకుంటుంది. రాత్రంతా ఆ అరుపు మధ్య కూర్చునే డ్రైవర్ చెవుల గురించి ఎవరైనా ఫికర్ చేశారా? పొద్దున్నే ఇల్లు చేరి "కొంచెం గట్టిగా మాట్లాడవే" అనే మగవాళ్లు మన మొహల్లాల్లో ఎంతమంది ఉన్నారో లెక్క వేయండి.

చిన్న నంబరంటే పిల్లలు రేసులు పెడతారని అమ్మీలకి ఒక భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ గవర్నర్ 80 దగ్గర ఆపుతుంది, క్రౌన్ ఏదైనా సరే. గవర్నర్ వైరు పీకేసే కొడుకుని ఏ క్రౌనూ ఆపలేదు. అది ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడాల్సిన మాట.

టిప్పర్ సంగతి పూర్తిగా వేరు. ఇసుక రీచ్‌లోకి దిగి ఎక్కేది, క్వారీ గుంతలోంచి రాయి మోసుకుని వంకర ర్యాంపు మీద పాకేది, దానికి రఫ్తార్‌తో పనేంటి? డంపర్లకి గవర్నర్ పరిమితే 60. ఇలాంటి బండికి కళ్లు మూసుకుని పెద్ద నంబరు తీసుకోవాలి. చక్రాల హబ్‌లోనే మరో విడత గేర్లు ఉండే హబ్ రిడక్షన్ యాక్సిల్ దొరికితే ఇంకా మేలు, క్రౌన్ మీద పడే జోరు తగ్గుతుంది. కాకపోతే ఒక గలత్‌ఫెహ్మీ ఉంది. తడి ఇసుకలో చక్రం ఒక్కచోటే గిరగిరా తిరుగుతుంటే అది క్రౌన్ కసూర్ కాదు. పట్టు లేక తిరుగుతోంది. అక్కడ కావాల్సింది డిఫరెన్షియల్ లాక్. నంబరు పెంచితే ఇంకాస్త బలంగా అక్కడే తిరుగుతుంది, అంతే.

చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్లది, ట్రెయిలర్ వాళ్లది. మా ఖాలా కొడుకు చీమకుర్తి గ్రానైట్ కోసం ట్రెయిలర్ తీసుకుందామని కూర్చున్నప్పుడు ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. బ్లాకు బరువు తెలిసిందే, కాటా మీద ముల్లు వణుకుతుంది. చిచ్చా అన్నాడు, "ఇంత బరువు లాగేదానికి పెద్దదే వేయించాలి, లేకపోతే ర్యాంపు మీదే నిలబడిపోతావ్ బేటా." ఖాలా మాత్రం మాట్లాడలేదు. ఆమె దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది, పాత లారీ డీజిల్ చిట్టీలన్నీ తేదీల వారీగా అంటించి. ఆ పుస్తకం తెచ్చి మధ్యలో పెట్టింది. అప్పుడు నేను అడిగిన సవాల్ ఇదొక్కటే. క్వారీ నుంచి తారురోడ్డు దాకా ఎంతసేపు, ఒంగోలు నుంచి చెన్నై పోర్టు దాకా ఎంతసేపు, తిరిగి ఖాళీగా వచ్చేది ఎంతసేపు?

జవాబ్ అందరికీ తెలుసు. ర్యాంపు మీద అరగంట. ఆ తర్వాత నెల్లూరు మీదుగా జాతీయ రహదారి 16, సముద్రం పక్కన పళ్లెంలా చదును. వచ్చేటప్పుడు చాలాసార్లు ఎంప్టీ. అరగంట మజ్‌బూరీ కోసం మిగతా సఫర్ అంతా ఇంజన్‌ని అరిపించాలా? ర్యాంపు కోసం గేర్‌బాక్స్‌లో క్రాలర్ ఉంది. తొమ్మిది గేర్ల పెట్టెల్లో ఆ గేరు ఇచ్చేదే అందుకు. బరువు ఎంతైనా కదిలించాల్సింది మొదటి గేరు. కదిలాక పరిగెత్తించేది చివరి గేరు. క్రౌన్ చివరి గేరుకి సరిపోయేలా చూసుకుని, మొదటి గేరు ర్యాంపుకి చాలుతుందో లేదో లెక్క వేసుకోవాలి.

చాలకపోతే? అప్పుడు చిచ్చా మాటే సహీ. మొదటి గేరులో కూడా బండి కదలక డ్రైవర్ క్లచ్ సగం తొక్కి రేజ్ ఇస్తున్నాడంటే, ఆ బండికి నంబరు మరీ చిన్నదైపోయింది. క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తే డీజిల్‌లో మిగిలిన డబ్బు గ్యారేజీలో పెట్టేసినట్టే. ఇంకో నిషానీ కూడా ఉంది. మామూలు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడల్లా టాప్ వదిలి కింది గేరుకి రావాల్సి వస్తుంటే, రోజంతా అదే తంతు అయితే, చిన్న నంబరు వల్ల వచ్చే ఫాయిదా అక్కడే కరిగిపోతుంది. ఇంజన్‌ని మరీ తక్కువ చుట్లలో దడదడలాడిస్తూ లాగించడం కూడా జుల్మే. చదునులో టాప్ గేరు, ఫుల్ లోడు, మీటర్ ముల్లు పచ్చ పట్టీలో. ఈ మూడూ కలిస్తే నిస్బత్ కుదిరినట్టు. మా ఖాలా కొడుకు విషయంలో కుదిరింది, మధ్య నంబరు దగ్గర. చిచ్చా ఇప్పటికీ పూర్తిగా రాజీ పడలేదు, ఆయన ఖుషీ ఆయనది.

షోరూమ్‌లో ఒక చాలాకీ జరుగుతుంది, దాన్ని కూడా తెలుసుకోవాలి. ఉత్త క్రౌన్ నంబరు వింటే సరిపోదు. టాప్ గేరు ఓవర్‌డ్రైవ్ అయితే, అంటే ఒకటి కంటే తక్కువైతే, రెండూ గుణించాలి. 6.83 క్రౌన్‌కి 0.75 టాప్ ఉంటే చివరికి తేలేది 5.12. అప్పుడది నేరు టాప్‌తో ఉన్న 5.29 కంటే కూడా పరుగుబండి. అందుకే "ఈ బండికి యాక్సిల్ రేషియో ఎంత, టాప్ గేరు రేషియో ఎంత" అని రెండూ కాగితం మీద రాయించుకోండి. కోట్ చేసే కుర్రాడికి తెలియకపోతే బ్రోషర్‌లో ఉంటుంది.

ఇదంతా మన ఒక్క దేశం గొడవే అనుకోకండి. డల్లాస్‌లో ఉండే మా బంధువుల అబ్బాయి వెనక ట్రెయిలర్ తగిలించుకునే పికప్ కొంటూ ఫోన్ చేశాడు. అక్కడ ఫోర్డ్ ఎఫ్-150 లాంటి బండికి 3.55 కావాలా 3.73 కావాలా అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడుగుతారట. అదే ఇంజన్‌కి కూడా నంబరు మారితే ఎంత బరువు లాగొచ్చో కంపెనీ పట్టికలో మారిపోతుంది. వాళ్లకి పది గేర్ల ఆటోమేటిక్ వచ్చాక ఈ ఫర్ఖ్ కొంత చిన్నబోయింది, మొదటి గేరే చాలా లోతుగా ఉంటుంది కాబట్టి. నెలకోసారి చెరువుకి పడవ లాక్కెళ్లేవాడికి పెద్ద నంబరు దేనికి అని నేనన్నాను. వాడు షౌక్ అన్నాడు. షౌక్‌కి హిసాబ్ ఉండదు, వాడి ఇష్టం. ఇక్కడ మనవాళ్లకి మాత్రం బండి షౌక్ కాదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఒకటుంది. పెద్ద నంబరు అడిగేవాళ్లలో కొందరికి ఘాట్ గురించి చింత లేదు. రాసిన బరువు కంటే పది టన్నులు ఎక్కువ ఎత్తాలని. క్రౌన్ లాగుతుంది కాబట్టి ఎత్తొచ్చు అనే మాట ఎంత ఖతర్‌నాక్‌దో వాళ్లకి తెలుసు, తెలిసీ అంటారు. క్రౌన్ లాగుడు పెంచుతుంది. బ్రేకుల్ని పెంచదు. టైరు మోసే బరువునీ, కమాన్ పట్టీలనీ పెంచదు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్ పట్టుబడితే 20,000 జుర్మానా, పైన ప్రతి అదనపు టన్నుకీ ఇంకో 2,000. జుర్మానా కట్టి మళ్లీ పోవచ్చు. చిత్తూరు దాటి బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ డ్రమ్ములు ఎర్రబడితే కట్టే జుర్మానా ఏంటో ఆ దారిన తిరిగే ప్రతి డ్రైవర్‌కీ తెలుసు.

ఘాట్ మాట వచ్చింది కాబట్టి దిగుడు గురించి చెప్పకుండా ముందుకి పోలేను. చిన్న నంబరు క్రౌన్ ఉన్న బండి అదే గేరులో దిగేటప్పుడు ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది, కాబట్టి ఇంజన్ పట్టి ఆపే బలం కూడా తక్కువ. పాత బండిలో అయిదో గేరులో దిగిన అలవాటున్నవాడు కొత్త బండిలో నాలుగులో దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ వాడాలి. బండి మార్చినప్పుడు డ్రైవర్‌కి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి, మాలిక్ అయినా సరే, మాలిక్ బేగం అయినా సరే. ఇక డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లున్నారు. వాళ్లకి ఏ రేషియో ఇచ్చినా ఒకటే. న్యూట్రల్‌లో క్రౌన్‌కీ ఇంజన్‌కీ రిష్తా తెగిపోయి ఉంటుంది.

కొన్న తర్వాత క్రౌన్ మార్పించుకోవచ్చు కదా అని అడుగుతారు. మార్చొచ్చు. కానీ క్రౌన్, పినియన్ రెండూ కలిపి జోడీగానే మార్చాలి, ఫ్యాక్టరీలో ఒకదానికొకటి అరగదీసి జత కలిపినవి అవి. పాత క్రౌన్‌కి కొత్త పినియన్ వేస్తే కొన్ని వేల కిలోమీటర్లలోనే గోల మొదలవుతుంది. వెనక రెండు యాక్సిళ్లూ లాగే టిప్పర్ అయితే రెండింట్లోనూ ఒకే నంబరు ఉండాలి, ఒకటి 5.86, ఇంకోటి 6.83 వేస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. స్పీడోమీటర్, గవర్నర్ లెక్కలు కూడా కొత్త నంబరుకి సరిచేయించాలి, లేకపోతే మీటర్ 60 అంటుంది, రోడ్డు మీద ఇంకేదో ఉంటుంది. మంచి కారీగర్ దొరికితే తప్ప ఈ పనికి దిగకండి. షిమ్ములు పెట్టి పళ్ల మీద రంగు పూసి తాకిడి చూసే హునర్ అందరికీ ఉండదు.

సెకండ్ హ్యాండ్ లారీ కొనేవాళ్లకి ఇంకో సంగతి. అమ్మేవాడు చెప్పిన నంబరు నమ్మొద్దు. మధ్యలో ఎవరు ఎప్పుడు మార్చారో కాగితాల్లో ఉండదు. మీరే లెక్కపెట్టండి, పావుగంట పని. లాగే యాక్సిల్ వెనక ఒక్కటే ఉన్న లారీకి ఇలా చేయాలి. చదును నేల మీద బండి ఆపి ముందు చక్రాలకి, వెనక ఒకవైపు చక్రాలకి రాళ్లు బలంగా కట్టండి. రెండోవైపు వెనక చక్రాన్ని జాకీతో ఎత్తి, యాక్సిల్ కింద గట్టి స్టాండ్ పెట్టండి. గేరు న్యూట్రల్, ఇంజన్ ఆఫ్, తాళం చెవి మీ జేబులో. హ్యాండ్‌బ్రేక్ వదలాల్సి ఉంటుంది కాబట్టి రాళ్లు మళ్లీ ఒకసారి చూసుకోండి. టైరు మీద ఒక సున్నం గీత, జాయింట్ రాడ్డు మీద ఒక సున్నం గీత. ఎత్తిన చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి, ఒకటి కాదు, రెండు. ఇంకోవైపు చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి డిఫరెన్షియల్ సగమే పంచుతుంది. ఆ రెండు చుట్లకి జాయింట్ రాడ్డు ఎన్నిసార్లు తిరిగిందో పక్కనున్న కుర్రాడిని లెక్కపెట్టమనండి. అయిదు చుట్లు దాటి ఇంకో పావు తిరిగితే 5.29. ఆరుకి కొంచెం ముందే ఆగితే 5.86. ఏడుకి కొంచెం ముందు ఆగితే 6.83. ఆ తర్వాతే అడ్వాన్స్ గురించి మాట్లాడండి.